డాక్టర్ అవుతుందో లేదో తేలని అమ్మాయికి ఏ మేజర్ మంచిది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు. అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్ ముగించబోతోంది. చిన్నప్పటి నుంచి డాక్టర్ అవుతానన్న పిల్ల ఈ మధ్య "ఏమో అమ్మా, తెలియట్లేదు" అంటోంది. బయాలజీ బాగానే చదువుతుంది గానీ స్టాటిస్టిక్స్ అంటే ప్రాణం. మీవారేమో "ఎటూ తేలనప్పుడు బయాలజీయే తీసుకోనీ, కనీసం మెడిసిన్ దారి మూసుకుపోదు" అంటున్నారు. మే 1లోపు రెండు కాలేజీల్లో ఒకదానికి డిపాజిట్ కట్టాలి. చివర్లో ఒక్క లైనులో, మీరు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద, అమ్మాయి మీ మీద ఆధారపడిన బిడ్డగా హెచ్4 వీసా మీద ఉన్నారని రాశారు. ఆ ఒక్క లైను చాలా పెద్ద విషయం. దాని గురించి విడిగా చెబుతాను.

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ రెసిడెన్సీ (డాక్టర్లకు ఆసుపత్రిలో ఇచ్చే శిక్షణ) చేసి, ఇంటర్నల్ మెడిసిన్‌లో పనిచేస్తున్నాను. చాలా ఏళ్ళుగా ఒక మెడికల్ స్కూల్ కోసం అడ్మిషన్ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మన వాళ్ళ ఇళ్ళలో ఈ ప్రశ్న ఎంత టెన్షన్ పెడుతుందో దగ్గరగా చూస్తున్నదాన్ని కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. మెడికల్ స్కూల్‌కి వెళ్ళకపోయినా మీ అమ్మాయి ఏ పని ఇష్టంగా చేసుకుంటుందో దానికి తగిన మేజర్ (డిగ్రీలో ముఖ్యంగా చదివే సబ్జెక్టు) తీసుకోవాలి. మెడికల్ స్కూళ్ళు అడిగే కోర్సులను దాని పక్కనే, మొదటి ఏడాది నుంచి, తొందరపడకుండా చదువుకుంటూ పోవాలి. డాక్టర్ పని తనకు సరిపడుతుందా లేదా అన్నది క్లాసులో తేలదు, రోగుల దగ్గర తేలుతుంది. మీ అమ్మాయి విషయంలో మేజర్ స్టాటిస్టిక్స్ అనే నా అభిప్రాయం.

మీవారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన రోజుల్లో పదో తరగతి అయిన వేసవిలోనే ఎంపీసీయా బైపీసీయా తేల్చేయాలి. ఎంపీసీ తీసుకుంటే మెడిసిన్ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. అమెరికాలో ప్రీమెడ్ అనేది మేజర్ కాదు, డిగ్రీ తర్వాత మెడికల్ స్కూల్‌కి వెళ్ళాలన్న ఒక ఉద్దేశం మాత్రమే. మెడికల్ స్కూళ్ళు చూసేది ఫలానా కోర్సులు చదివారా, వాటిలో గ్రేడ్లు ఎలా ఉన్నాయి అని. సాధారణంగా అడిగేవి ఇవి: ల్యాబ్‌తో పాటు ఒక్కో ఏడాది బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ, ఇంగ్లీషు రచనకు సంబంధించిన కోర్సులు, కొంత గణితం. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 2015 నుంచి మనస్తత్వ, సామాజిక శాస్త్రాలకు ఒక సెక్షన్ ఉంది కాబట్టి సైకాలజీ, సోషియాలజీ కూడా ఒక్కో కోర్సు చదివితే మేలు. స్కూల్‌ని బట్టి కొద్ది తేడాలుంటాయి. చరిత్ర మేజర్ చేసినా, సంగీతం చేసినా ఇవన్నీ పూర్తిచేస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇది కాగితం మీది మాట కాదు. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం ఏటా మేజర్ల వారీగా ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరు చేరారు అన్న పట్టిక విడుదల చేస్తుంది. దరఖాస్తుదారుల్లో సగానికి పైగా బయాలజీ తరహా మేజర్ల వాళ్ళే. కానీ సీటు దక్కే నిష్పత్తి చూస్తే సాహిత్యం, చరిత్ర, గణితం లాంటి మేజర్ల వాళ్ళు వెనకబడి లేరు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై మెడికల్ స్కూల్ 1987లోనే ఇంకో అడుగు వేసింది. హ్యుమానిటీస్ చదివే విద్యార్థులను ఎంక్యాట్ లేకుండా, మామూలు ప్రీమెడ్ కోర్సులన్నీ లేకుండా కొందరిని తీసుకుంది. వాళ్ళు మిగతా వాళ్ళతో సమానంగానే రాణించారని 2010లో ఆ స్కూల్ వాళ్ళే అధ్యయనం ప్రచురించారు. క్యాన్సర్ జన్యువుల మీద పరిశోధనకు 1989లో నోబెల్ అందుకున్న హెరాల్డ్ వార్మస్ కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం. ఆ తర్వాతే మెడిసిన్‌కి వెళ్ళారు.

ఇక బయాలజీ గురించి. అది ఇష్టమైన పిల్లలకు చక్కటి మేజర్. ఇష్టంతో తీసుకుంటే నేను ఒక్క మాట కూడా అనను. కానీ "ఎందుకైనా మంచిది" అని తీసుకునే మేజర్‌గా అది బలహీనమైనది. మెడికల్ స్కూల్ సీటు రాకపోతే, లేదా మూడో ఏట మనసు మారిపోతే, ఒట్టి బయాలజీ బ్యాచిలర్ డిగ్రీతో వచ్చేవి ఎక్కువగా ల్యాబ్ టెక్నీషియన్ తరహా ఉద్యోగాలు. జీతం తక్కువ. పైకి ఎదగాలంటే మళ్ళీ మాస్టర్సో పీహెచ్‌డీయో చేయాలి. ఏటా 50 వేలకు పైగా పిల్లలు దరఖాస్తు పెడితే ఎండీ (ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ) ఇచ్చే స్కూళ్ళలో చేరేది 23 వేల దరిదాపుల్లో. ఆ సంఖ్యలు చూశాక, రెండో దారి బలంగా ఉండే మేజర్ కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) డిగ్రీ ఇచ్చే స్కూళ్ళు కూడా ఉన్నాయి, అక్కడ చదివినవాళ్ళూ పూర్తి స్థాయి డాక్టర్లే. మన వాళ్ళు వాటిని చిన్నచూపు చూడటం మానుకోవాలి. అయినా పోటీ పోటీయే.

స్టాటిస్టిక్స్ సంగతి వేరు. దానితో నేరుగా ఉద్యోగం వస్తుంది. ఆరోగ్య రంగాన్ని వదలక్కర్లేదు కూడా. కొత్త మందుల ట్రయల్స్ నడిపే ప్రతి కంపెనీకీ బయోస్టాటిస్టిషియన్లు కావాలి. ఆసుపత్రులకు, ఇన్సూరెన్స్ కంపెనీలకు, ప్రజారోగ్య శాఖలకు కావాలి. మెడిసిన్ వైపే వెళ్ళినా ఇది వృథా కాదు. ఒక మందు పనిచేస్తుందని చెప్పే పరిశోధన పేపర్‌ని చదివి, అందులోని అంకెలు నిజంగా ఆ మాట చెబుతున్నాయో లేదో తేల్చుకోగలిగిన డాక్టర్లు మాకు ఇంకా చాలామంది కావాలి. ఇంకో లాభం ఉంది. మెడికల్ స్కూళ్ళు మొత్తం జీపీఏతో (గ్రేడ్ల సగటుతో) పాటు సైన్స్ జీపీఏని వేరుగా లెక్కిస్తాయి. అందులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో పాటు గణితం కూడా ఉంటుంది. స్టాటిస్టిక్స్ కోర్సులు గణితం కిందికే వస్తాయి. అంటే మీ అమ్మాయికి ప్రాణమైన సబ్జెక్టులో తెచ్చుకునే ప్రతి 'ఏ' గ్రేడూ సరిగ్గా కావాల్సిన చోట పనికొస్తుంది. టెక్సస్ మెడికల్ స్కూళ్ళయితే స్టాటిస్టిక్స్ కోర్సును చాలావరకు ప్రత్యేకంగా అడుగుతాయి కూడా.

గ్రేడ్ల గురించి గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది పిల్లలు ఆగిపోయేది అక్కడే. మెడికల్ స్కూళ్ళలో చేరేవాళ్ళ సగటు జీపీఏ 4కి 3.8 దాకా ఉంటోంది. కాలేజీలో వచ్చిన గ్రేడు చెరిగిపోదు. ఎండీ దరఖాస్తులో ఒక కోర్సు మళ్ళీ చదివినా పాత గ్రేడు, కొత్త గ్రేడు రెండూ లెక్కలోకి వస్తాయి. మనసుకు నచ్చని మేజర్‌లో 'ఏ' గ్రేడ్లు తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. బయోమెడికల్ ఇంజనీరింగ్ తీసుకుంటే రెండూ కలిసొస్తాయని చాలామంది తల్లిదండ్రులు అంటారు. ఇంజనీరింగ్ మీద నిజంగా ఇష్టం ఉన్న పిల్లలకు అది మంచిదే. లేనివాళ్ళ జీపీఏని మాత్రం ఆ కోర్సులు కిందికి లాగేస్తాయి. మెడికల్ స్కూళ్ళు కష్టమైన మేజర్ అని కొంచెం సానుభూతి చూపిస్తాయేమో గానీ, ఆ సానుభూతితో 3.4ని 3.8గా చూడవు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. నర్సింగ్, కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ లాంటి మేజర్లలో చాలా పెద్ద స్టేట్ యూనివర్సిటీలు సీట్లు పరిమితం చేశాయి. వాటిలోంచి బయటికి రావడం తేలిక, మధ్యలో లోపలికి వెళ్ళడం కష్టం. కాబట్టి మీ అమ్మాయి మనసులో వీటిలో ఏదైనా కొంచెమైనా ఉంటే మొదటి రోజు నుంచే అందులో ఉండాలి. బయాలజీలోకో స్టాటిస్టిక్స్‌లోకో మారడం మాత్రం చాలా చోట్ల రెండో ఏట కూడా కుదురుతుంది. తేలనివాళ్ళు కష్టమైన గుమ్మంలోంచి ముందు లోపలికి వెళ్ళి కూర్చోవాలి, తేలికైన గుమ్మం ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ అమ్మాయి "తెలియట్లేదు" అంటోంది. పదిహేడేళ్ళ పిల్ల అలా అనడం నాకు మంచి లక్షణంగానే కనిపిస్తుంది. తనకు తెలిసిన డాక్టర్ పని ఏది? సైన్స్ క్లాసులో మార్కులు, పెళ్ళిళ్ళలో బంధువుల మాటలు, టీవీలో చూసిన ఆపరేషన్ థియేటర్. మా రోజు అలా ఉండదు. ఉదయం లేవగానే పదిహేను, ఇరవై మంది రోగుల వివరాలు చదవాలి. రోగి దగ్గర గడిపే సమయం కంటే కంప్యూటర్ ముందు నోట్సు రాసే సమయమే ఎక్కువ అనిపించే రోజులు ఉంటాయి. తండ్రి బతకడని కొడుక్కి చెప్పాలి, ఆ మాట చెప్పి పక్క గదికి వెళ్ళి ఇంకొకరిని నవ్వుతూ పలకరించాలి. ఇవి బరువుగా ఉన్నా, సాయంత్రానికి ఏదో తృప్తి మిగిలే మనుషులుంటారు. నేను అలాంటిదాన్ని. మిగలని మనుషులూ ఉంటారు, అది వాళ్ళ లోపం కాదు. ఎవరు ఏ రకమో ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష చెప్పలేదు. ఆ పరీక్షలో 'సీ' గ్రేడ్ వచ్చిందని మంచి డాక్టర్ కాగలిగిన పిల్లలు వదిలేస్తున్నారు, 'ఏ' వచ్చిందని రోగి దగ్గర కూర్చోలేని పిల్లలు కొనసాగుతున్నారు. చూస్తుంటే బాధగా ఉంటుంది.

అందుకే మొదటి రెండేళ్ళలో తను రోగుల మధ్య నిజమైన పని చేయాలి. నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్‌కి కొన్ని వారాల శిక్షణ చాలు. అంబులెన్స్‌లో అత్యవసర సాయం చేసేవాళ్ళ ఈఎంటీ కోర్సు సాధారణంగా ఒక సెమిస్టర్‌లో అయిపోతుంది. డాక్టర్ పక్కనే ఉండి నోట్సు టైపు చేసే స్క్రైబ్ పని ఉంది. చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే హాస్పిస్‌లో వలంటీర్లను తీసుకుంటారు. వృద్ధాశ్రమంలో ఒక వేసవి పనిచేస్తే, పరిశోధన పేపర్లో పేరు రావడం కోసం చేసే ఏ పరిశోధనా నేర్పని సంగతులు తెలుస్తాయి. తెలిసిన డాక్టర్ అంకుల్ వెంట రెండు రోజులు తిరగడం దీనికి సరిపోదు. అక్కడ డాక్టర్‌ని చూస్తారు. మంచం శుభ్రం చేసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు రోగిని చూస్తారు. ఇంటర్వ్యూలో నేను దాదాపు ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఒకటుంది: "రోగులకు సాయం చేయాలనుంటే నర్సు ఎందుకు కాకూడదు, పీఏ (డాక్టర్‌తో కలిసి రోగులను చూసే ఫిజీషియన్ అసిస్టెంట్) ఎందుకు కాకూడదు?" ఆ పనులు దగ్గరగా చూసినవాళ్ళు మాత్రమే దీనికి నిజమైన జవాబు చెప్పగలరు. నిజంగా ఆలోచిస్తే కొందరికి నర్సు పనో పీఏ పనో తమకు తగినదని తేలుతుంది. పీఏ చదువు బ్యాచిలర్ డిగ్రీ తర్వాత రెండేళ్ళకు కొంచెం పైన. వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు వివరించే జెనెటిక్ కౌన్సెలింగ్ రెండేళ్ళ మాస్టర్స్. డాక్టర్ అయితే నాలుగేళ్ళ మెడికల్ స్కూల్ తర్వాత మూడు నుంచి ఏడేళ్ళ రెసిడెన్సీ, వారానికి 80 గంటల దాకా పని. ఇరవైల వయసు మొత్తం అందులో గడుస్తుంది. ఆడపిల్ల కాబట్టి ఈ మాట అనడం లేదు, ఎవరైనా ఈ లెక్క వేసుకోవాల్సిందే.

మన ఇళ్ళలో ఇంకో మాట వినిపిస్తుంది: సేవ చేయాలంటే డాక్టరే కావాలని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివారు, కానీ అమెరికా వచ్చాక ఆయన జీవితం గడిచింది ల్యాబులో, జీవరసాయన శాస్త్రంలో. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, ఫైలేరియాకి వాడే డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన నడిపిన పరిశోధన బృందాల నుంచి వచ్చాయి. మెథోట్రెక్సేట్ నేను ఇప్పటికీ రాస్తూనే ఉంటాను. మీ అమ్మాయి రేపు ఒక క్యాన్సర్ ట్రయల్ లెక్కలు చూసే స్టాటిస్టిషియన్ అయితే అది తక్కువ సేవ ఏమీ కాదని మీవారితో చెప్పండి.

హెచ్4 సంగతి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి. అమ్మాయికి 21 నిండేలోపు మీ గ్రీన్ కార్డ్ రాకపోతే తను మీ మీద ఆధారపడిన బిడ్డగా లెక్కలోకి రాదు, సాధారణంగా ఎఫ్1 విద్యార్థి వీసాకి మారాల్సి ఉంటుంది. పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజులను వయసులోంచి తీసేసే చట్టం 2002 నుంచి ఉంది. మీ తేదీలతో ఆ లెక్క ఎలా తేలుతుందో లాయర్ చేత వేయించండి. మెడికల్ స్కూళ్ళలో చాలా వాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. అంతర్జాతీయ విద్యార్థులను తీసుకునే స్కూళ్ళు తక్కువ. తీసుకున్నా కొన్ని స్కూళ్ళు ఫీజుల డబ్బు ముందే చూపించమంటాయి. ఫెడరల్ విద్యా రుణాలు కూడా ప్రధానంగా పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకే; హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకు రావు. మెడికల్ కాలేజీల సంఘం వెబ్‌సైట్‌లో ప్రతి స్కూల్ ఎవరిని తీసుకుంటుందో వివరాలుంటాయి, ఈ వారమే చూడండి. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళలో సుమారు 90 శాతం సీట్లు రాష్ట్రం పిల్లలకే వెళ్తాయి, ఫీజులు కూడా తక్కువ. కానీ ఆ లాభం మీ అమ్మాయికి అప్పటి వీసా స్థితిలో ఎంతవరకు అందుతుందో స్కూల్ స్కూల్‌కీ అడిగి తెలుసుకోవాలి.

దీని అర్థం మెడిసిన్ ఆశ వదులుకోమని కాదు. మేజర్ తన కాళ్ళ మీద తాను నిలబడేదై ఉండటం మీ ఇంట్లో మరింత ముఖ్యమని. ఎఫ్1 మీద డిగ్రీ పూర్తిచేస్తే ఏడాది ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) ఉంటుంది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పొడిగించుకునే వీలుంది. స్టాటిస్టిక్స్ స్టెమ్ కిందికి వస్తుంది, బయాలజీ కూడా వస్తుంది. తేడా ఏమిటంటే ఆ మూడేళ్ళలో వీసా స్పాన్సర్ చేసే ఉద్యోగం ఏ డిగ్రీకి దొరుకుతుందన్నది. ఇండియా పంపి ఎంబీబీఎస్ చేయించమని మీ బంధువుల్లో ఎవరో ఒకరు ఈపాటికి అనే ఉంటారు. ఎన్ఆర్ఐ సీటుకైనా నీట్ రాయాల్సిందే, తిరిగి రావాలంటే అమెరికా లైసెన్సు పరీక్షలు రాసి రెసిడెన్సీ తెచ్చుకోవాలి. డాక్టర్ కావాలని గట్టిగా ఉన్న పిల్లలకే అది ఆలోచించదగ్గ దారి. ఇంకా తేల్చుకోని పిల్లను పద్దెనిమిదేళ్ళకే నేరుగా మెడిసిన్‌లో చేర్చడం సరికాదు. హైస్కూల్ నుంచే సీటు ఇచ్చే బీఎస్-ఎండీ ప్రోగ్రాముల గురించి కూడా నా అభిప్రాయం అదే.

మొదటి సెమిస్టర్‌లో జనరల్ కెమిస్ట్రీ ఒక్కటే ల్యాబ్ సైన్స్‌గా తీసుకోమనండి. దానికి తోడు మేజర్ కోసం కాలిక్యులస్ లేదా స్టాటిస్టిక్స్, ఒక రచనా కోర్సు, మనసుకు నచ్చింది ఇంకొకటి. కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ అన్నీ ఒకేసారి మీద వేసుకుని మొదటి ఏడాదే జీపీఏ పోగొట్టుకున్న పిల్లలను చాలామందిని చూశాను. బయాలజీ రెండో సెమిస్టర్‌లోనో రెండో ఏటో, ఆర్గానిక్ రెండో ఏట, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ మూడో ఏట. హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల క్రెడిట్లతో కెమిస్ట్రీ, బయాలజీ దాటేయవద్దు. కొన్ని మెడికల్ స్కూళ్ళు వాటిని ఒప్పుకోవు, కొన్ని అదే సబ్జెక్టులో పై కోర్సు అడుగుతాయి. రెండో ఏడాది చివర్లో, అప్పటికి ఏదో ఒక చోట రోగులతో పనిచేసిన అనుభవం ఉంటుంది కాబట్టి, తను కూర్చుని ఆలోచించుకోవచ్చు. వద్దనుకుంటే అప్పటిదాకా చదివిన సైన్స్ కోర్సులు డిగ్రీలో ఎలాగూ లెక్కకొస్తాయి. కావాలనుకుంటే మూడో ఏడాది చివర్లోనే దరఖాస్తు పెట్టాలన్న తొందర అక్కర్లేదు. ఇప్పుడు మెడికల్ స్కూల్‌లో చేరేవాళ్ళలో సగానికి పైగా డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఏదో పని చేసి వచ్చినవాళ్ళే. దాన్ని మన దగ్గరి లాంగ్ టర్మ్ కోచింగ్‌తో పోల్చి కంగారు పడకండి, ఇక్కడ అది ఫెయిలైన గుర్తు కాదు. ఎఫ్1 మీద ఉంటే మాత్రం ఆ ఏడాదికి ఓపీటీని ముందే ప్లాన్ చేసుకోవాలి. డిగ్రీ అయిపోయాక మనసు మారినవాళ్ళ కోసం కూడా బ్రిన్ మార్, గౌచర్ లాంటి కాలేజీల్లో ఏడాది పాటు ఈ కోర్సులన్నీ చదివించే ప్రోగ్రాములున్నాయి.

ఫోన్ చేసినప్పుడల్లా "ఏమనుకుంటున్నావ్, డాక్టరేనా?" అని అడగకండి. పిల్లలు తప్పించుకోవడానికి అవునని చెప్పేసి, ఆ అవునుకి తర్వాత కట్టుబడిపోతారు. ఇవాళ ఆసుపత్రిలో ఏం చూశావు, ఎవరితో మాట్లాడావు అని అడగండి. తను చెప్పే తీరులోనే మీకు చాలా అర్థమవుతుంది.

మే 1లోపు రెండు కాలేజీలకీ ఫోన్ చేయండి. సైన్స్ మేజర్ కాని పిల్లలకు కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబుల్లో సీట్లు దొరుకుతున్నాయా అని అడగండి. కొన్ని చోట్ల ముందు మేజర్ వాళ్ళకిచ్చాకే మిగతావాళ్ళకు ఇస్తారు. ప్రీమెడ్ సలహాదారులు అన్ని మేజర్ల వాళ్ళనీ చూస్తారా, ఆసుపత్రి బస్సు దూరంలో ఉందా అని కూడా అడగండి. "మా దగ్గర దరఖాస్తు చేసినవాళ్ళలో 90 శాతం మందికి సీట్లొచ్చాయి" అని ఎవరైనా చెబితే, మొదటి ఏట ప్రీమెడ్ అనుకుని చేరినవాళ్ళెందరు, వాళ్ళలో దరఖాస్తు దాకా వచ్చిందెందరు అని తిరిగి అడగండి. బలహీనంగా ఉన్నవాళ్ళకు సిఫార్సు లేఖ ఇవ్వకుండా ఆపి ఆ శాతాన్ని పెంచుకునే కాలేజీలు ఉన్నాయి.

అన్నీ సమానంగా ఉంటే తక్కువ ఖర్చయ్యే కాలేజీకే డిపాజిట్ కట్టండి. అప్పటికి గ్రీన్ కార్డ్ వచ్చినా, 2026 జూలై నుంచి కొత్తగా మెడికల్ స్కూల్‌లో చేరి అప్పు తీసుకునేవాళ్ళకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లు మించదు. చాలా స్కూళ్ళ ఖర్చు దానికంటే ఎక్కువ. ఇప్పుడు బ్యాచిలర్ డిగ్రీలో మిగిల్చిన ప్రతి డాలరూ అప్పుడు, మెడిసిన్‌కైనా ఇంకో మాస్టర్స్‌కైనా, మీ అమ్మాయికి అక్కరకొస్తుంది.